న్యూట్రల్ లేని కారు

నేను ఉద్యోగం మానేసి మూడేళ్ళయింది. బ్రిస్బేన్‌లో సన్నీబ్యాంక్ దాటాక, రేకుల షెడ్లు వరసగా ఉండే వీధిలో ఒక వర్క్‌షాపు. అందులో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. మోటర్‌హోముల వెనక కార్లు తగిలించడం మా పని. మోటర్‌హోమ్ అంటే మంచం, పొయ్యి, స్నానాల గదితో సహా నడిచే ఇల్లు. దాన్ని ఒకచోట నిలిపాక పాలకో కూరలకో వెళ్ళిరావడానికి చిన్న బండి కావాలి. అందుకని కారుని వెనక తగిలించుకుని బయల్దేరతారు. ట్రైలర్ మీదికి ఎక్కించకుండా, నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లేలా ఇనప చట్రంతో కలిపి లాక్కెళ్ళడాన్ని ఫ్లాట్ టోయింగ్ అంటారు. బెజవాడలో ఉండగా, ఆగిపోయిన లారీకి మోకు కట్టి ఇంకో లారీతో లాగించినవాణ్ణి. ఇక్కడికొచ్చి అదే పని కాస్త శుభ్రమైన బట్టల్లో చేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు అప్పుడప్పుడు ఫోను చేసి, ఏ కారు లాగొచ్చు, ఏది లాగకూడదు అని అడుగుతుంటారు. కారు కింద పడుకుని చూడండి, కారుతో ఇచ్చే పుస్తకం చూసి చెప్పకండి అంటాను. పెద్దాయన చాదస్తం అనుకుని ఊరుకుంటారు. ఆ చాదస్తం ఎక్కడ పట్టుకుందో ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను.

మా ఫోర్‌మన్ ఒక ముసలి వెల్డరు. క్వీన్స్‌లాండు పడమటి వైపు, గొర్రెల మందల మధ్య పుట్టి పెరిగినవాడు. నేను చేరిన రోజు నా ఇంజనీరింగ్ డిగ్రీ గురించి అడగలేదు. చేతులు చూపించమన్నాడు. చూసి, సరే రమ్మన్నాడు. అంతే ఇంటర్‌వ్యూ. అతనికో పద్ధతి ఉండేది. ఏ కారు వచ్చినా స్టాండ్ల మీదికెత్తి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పి, కింద ఏది తిరుగుతోందో ఏది తిరగటం లేదో కళ్ళారా చూడాలి. పుస్తకం రాసినవాడు ఈ కారుని చూడలేదు, నువ్వు చూస్తున్నావు అనేవాడు. ఇప్పుడు అతను లేడు. ఆ గొంతు మాత్రం నా చెవిలో ఉంది.

ఒక ఏడాది, ఇక్కడ మే నెలతో ముగిసే శరత్కాలం చివర్లో, డార్విన్ వైపు వానలు తగ్గి రోడ్లు తెరుచుకునే రోజుల్లో, ఒక మోటర్‌హోమ్ మా గేటు ముందు ఆగింది. నడుపుతున్నాయన డెబ్బై దాటిన మన తెలుగు డాక్టరు, గుంటూరు వైపువారు. వెనక తెల్లటి ఎస్‌యూవీ నడుపుకుంటూ ఆయన భార్య వచ్చింది. రిటైరైన లెక్కల టీచరు. యాభై దాటినవాణ్ణి, ఆమెను ఆంటీ అనడానికి నోరు రాక అక్కయ్యగారూ అన్నాను. ఆ పిలుపు విని ఆమె ఒక్క క్షణం ఆగి నవ్వింది. నలభై ఏళ్ళుగా తననెవరూ అలా పిలవలేదట.

డాక్టరుగారు ఈ దేశంలో మొట్టమొదట ఉద్యోగం చేసింది డార్విన్‌లో. రెండేళ్ళుండి బ్రిస్బేన్‌కి మారారు, మళ్ళీ అటువైపు వెళ్ళలేదు. ఇప్పుడు ఆ పాత ఊరికి రోడ్డు మీద వెళ్ళాలని మోటర్‌హోమ్ కొన్నారు. ఎస్‌యూవీని దాని వెనక తగిలించాలి. విమానంలో నాలుగు గంటలే కదండీ అని మాటవరసకి అన్నాను. ఆయన మోటర్‌హోమ్ వైపు తిరిగారు. అక్కయ్యగారు మాత్రం, "నాకు అంత తొందరగా వెళ్ళాలని లేదు," అంది. సరదాకి అంటోందనుకున్నాను.

ఆయన మోటర్‌హోమ్ పక్కన నీడకి కట్టే గుడారం గుడ్డ చూడ్డానికి అవతలికి వెళ్ళినప్పుడు ఆమె నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "ఆయనకి గ్లకోమా. ఈ ఇయర్‌కి డే టైమ్‌లో డ్రైవ్ చెయ్యొచ్చని కంటి డాక్టరు రాసిచ్చారు. దారిలో ఏదన్నా అయితే ఈ పెద్ద బండి నా వల్ల కాదు. నేను నడపగలిగింది నా కారొక్కటే. అది వెనకాల ఉంటే నాకు ధైర్యం."

ఆ మాట విన్నవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలి?

ఫోర్‌మన్ ఆ వారం హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నాడు. కారు ముందు భాగానికి బిగించే ప్లేటు శుక్రవారం మధ్యాహ్నానికి గాని రాలేదు. వాళ్ళు సోమవారం బయల్దేరాలి. కారుతో వచ్చిన పుస్తకం తెరిచాను. నాలుగు చక్రాల మీద లాగవచ్చు అని ఉంది. ఆ వాక్యం చివర ఒక చిన్న నక్షత్రం గుర్తు. దాన్ని నేను చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. ఆ గుర్తుకి కింద ఉండే చిన్నక్షరాలు ఎప్పుడూ వారంటీ గోలే కదా అనుకున్నాను. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. అక్కయ్యగారు పెద్ద డబ్బాలో దోసకాయ పప్పూ అన్నం తెచ్చి, మీరు తిన్నాకే పని అని కూర్చుంది. ఆ షెడ్డులో తెలుగు వినబడి ఎన్నాళ్ళయిందో. వాళ్ళకి 'అవును' అని చెప్పాలని ఉంది నాకు. చెప్పేశాను. గేరు న్యూట్రల్‌లో ఎలా పెట్టాలో, స్టీరింగ్ తాళం ఎలా తియ్యాలో ఆమెతో రెండుసార్లు చేయించి చూపించి, కాగితం మీద సంతకం పెట్టాను. సోమవారం పొద్దున్న వాళ్ళు దారిలోంచి ఫోను చేసి, కారు బుద్ధిగా వెనకే వస్తోందని చెప్పారు.

బుధవారం ఫోర్‌మన్ పనిలోకి వచ్చాడు. ఆ పొద్దున్నే అదే మోడల్ కారు ఇంకొకటి వచ్చింది. వంగొద్దని ఆసుపత్రివాళ్ళు చెప్పినా వినకుండా దాన్ని స్టాండ్ల మీదికెత్తించి, చక్రం తిప్పి, తలూపాడు. ఇది పనికిరాదన్నాడు. పుస్తకంలో పరవాలేదని ఉందే అన్నాను. నన్ను వంగి చూడమన్నాడు.

నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి అందే కార్లలో, గేర్‌బాక్సు పక్కనే ఆ శక్తిని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె ఒకటి ఉంటుంది. కొన్నిట్లో ఆ పెట్టెకి సొంత న్యూట్రల్ ఉంటుంది. అది వేస్తే చక్రాలకీ గేర్‌బాక్సుకీ సంబంధం తెగిపోతుంది, ఎంత దూరమైనా లాగొచ్చు. ఆ న్యూట్రల్ లేకపోతే చక్రాలు తిరిగినంతసేపూ గేర్‌బాక్సు లోపలి ఇరుసులూ తిరుగుతాయి. ఇంజను ఆగి ఉంటుంది గనక లోపల నూనె పారదు. కందెన లేని బండి ఇరుసు ఏమవుతుందో మనకి తెలియనిది కాదు. ఒకే పేరు, ఒకే రంగు, ఒకే ఏడాది కారు రెండు రకాలుగా వచ్చింది. చిన్నక్షరాల్లో ఉన్నది అదే.

"పోయిన శుక్రవారం ఇలాంటిదే ఒకటి కట్టి పంపాను," అన్నాను.

ఫోర్‌మన్ చేతిలో స్పానరు కింద పెట్టాడు. ఆ పెట్టెకి న్యూట్రల్ వేసే బటను ఆ కారు లోపల ఉందా అని అడిగాడు. శుక్రవారం నేను ఆ సీట్లో కూర్చున్నవాణ్ణే. నా వేళ్ళు తాకిన ప్రతి బటనూ గుర్తు తెచ్చుకున్నాను. లేదు. అతను ఒక్క మాట తిట్టలేదు. ఫోను ఎక్కడుందని అడిగాడు.

డాక్టరుగారి ఫోనూ అక్కయ్యగారి ఫోనూ అందటం లేదు. పడమటికి పోయేకొద్దీ సిగ్నలు ఊళ్ళలోనే ఉంటుంది, ఊళ్ళ మధ్య ఉండదు. ఆ రోడ్డంతా ఫోర్‌మన్ పుట్టిన తావు. ఏ ఊళ్ళో పెట్రోల్ బంకు ఎవరు నడుపుతున్నారో అతనికి తెలుసు. రోమా అనే ఊళ్ళో అడిగితే నిన్ననే దాటిపోయారన్నారు. టాంబోలో బంకు నడిపే ఆవిడ, అరగంట క్రితమే డీజిలు పోయించుకుని బ్లాక్‌ఆల్ వైపు వెళ్ళారని చెప్పింది. వెనక కారు దగ్గర మాడు వాసన వేసిందిట, బ్రేకులేమో అనుకుందిట. అటే వెళ్తున్న లారీ డ్రైవరుకి, దారిలో బండ్లవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలో కబురు పెడతానంది.

మేం ఫోను ముందు కూర్చున్నాం. కారు పాడవుతుందనే బాధ ఒకటి. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి. ఆమె ధైర్యం అని చెప్పుకున్నది దాన్నే కదా!

ముప్పావుగంటకి టాంబో నుంచి ఫోను వచ్చింది. లారీ వాళ్ళని అందుకుంది. రేడియోలో పిలిస్తే జవాబు లేదు. ఆ రేడియోలో బూతులు ఎక్కువని డాక్టరుగారు మొదటి రోజే కట్టేశారట. లారీ డ్రైవరు లైట్లు వేశాడు, హారను కొట్టాడు. ఖాళీ రోడ్డు కదా అని, కుడివైపు, డ్రైవరు కిటికీ పక్కనే చాలాసేపు నడిపి చెయ్యి ఊపాడు. చివరికి ముందుకెళ్ళి నెమ్మదిగా వేగం తగ్గిస్తే, మోటర్‌హోమ్ దాదాపు లారీకి తగిలేంత దగ్గరికి వచ్చి ఆగింది. కారు కిందనుంచి పొగ వస్తోంది. మనుషులు క్షేమం.

"పక్కనే ఉన్నా ఆయన ఒక్కసారి కూడా నావైపు చూడలేదు," అన్నాడట ఆ డ్రైవరు. ఫోర్‌మన్ ఆ మాట నాకు చెప్పి, నా ముఖంలోకి చూశాడు. ఆయనకి కళ్ళ జబ్బని చెప్పాను.

మా ఓనరుకి విషయం చెప్పాం. ట్రక్కు తీసుకెళ్ళి కారుని ఎక్కించుకు రమ్మన్నాడు, సారీ మాత్రం చెప్పొద్దన్నాడు. సారీ అంటే లాయర్ల దగ్గర తప్పు ఒప్పుకున్నట్టట. నా దగ్గర ఆ మాట తప్ప ఇంకేమీ లేదు.

మర్నాడు పొద్దున్నే ఫోర్‌మన్, నేను బయల్దేరాం. కుట్లు ఆరని మనిషి, వద్దన్నా వినలేదు. రెండు రోజుల దారి. రోమా దాటాక, అడక్కుండానే తన సంగతి ఒకటి చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు అతను వెల్డింగ్ చేసిన కొక్కెం ఊడి, కారు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, కారవాన్ ఒకటి రోడ్డు పక్క గోతిలో పడిందట. ఎవరికీ ఏమీ కాలేదు, అది అదృష్టమేగాని నా గొప్పతనం కాదన్నాడు. ఆ ప్రయాణంలో ఆ మనిషి పక్కన కూర్చోవడం నాకు ఇప్పటికీ కావాలనిపిస్తుంది. మళ్ళీ దొరకదు.

బ్లాక్‌ఆల్ కారవాన్ పార్కులో మోటర్‌హోమ్ ముందు, మడత కుర్చీలో డాక్టరుగారు కూర్చుని ఉన్నారు. కారు అప్పటికే ఊళ్ళో గరాజుకి చేరింది. గేర్‌బాక్సు పోయిందని గరాజువాళ్ళు తేల్చేశారు. నేను దగ్గరికెళ్ళి నిలబడి, తప్పు నాదేనని, చూడాల్సింది చూడకుండా సంతకం పెట్టానని చెప్పాను. క్షమించమన్నాను.

"నా పక్కన లారీ ఉందిటయ్యా," అన్నారు ఆయన. "అంత పెద్ద లారీ. నేనూ చూడలేదు."

జేబులోంచి తాళాలు తీసి బల్లమీద పెట్టారు. ఇంక తాను నడపనన్నారు.

అక్కయ్యగారు లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. కోపంగా ఉంటుందనుకున్నాను. తిడితే తేలికపడేవాణ్ణి. ఆమె నాకెదురుగా కూర్చుని, కప్పు రెండు చేతులతో పట్టుకుని మాట్లాడింది.

"డార్విన్‌లో మాకొక పాప ఉంది."

అక్కడ ఉద్యోగం చేస్తున్న కూతురేమో అనుకున్నాను. ఇంతకు ముందు చెప్పలేదే అన్నాను.

"థర్టీ నైన్ ఇయర్స్ అయింది. పదకొండు రోజులు బతికింది. పసిబిడ్డని మనవాళ్ళు పూడుస్తారు కదా, అక్కడే పూడ్చాం. వెంటనే ఈయన ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నారు. నాకింకా పాలు ఆగనేలేదు, విమానం ఎక్కించారు. ఫోర్ అవర్స్. అంతే, అయిపోయింది. దిగేసరికి వేరే ఊరు, వేరే ఇల్లు. మళ్ళీ నాలుగు గంటల్లో వెళ్ళి అక్కడ నిలబడమంటే నా వల్ల కాదు తమ్ముడూ. మెల్లగా వెళ్దామని నేనే అన్నాను."

తర్వాత పుట్టిన ఇద్దరు పిల్లలకి ఈ సంగతి తెలియదట. భార్యాభర్తలిద్దరూ కూడా ఆ పాప గురించి మాట్లాడుకోవడం మానేశారట. కళ్ళు పోతున్నాయని తెలిసిన రోజు మాత్రం డాక్టరుగారు, పాపని చూసొద్దామా అన్నారట. అంతా చెప్పి, కప్పు కింద పెట్టి, ఇంక వద్దులే, వెనక్కి వెళ్ళిపోదాం అంది.

నేను బయటికొచ్చాను. ఫోర్‌మన్ మోటర్‌హోమ్ టైర్లలో గాలి చూస్తున్నాడు. తెలుగు తెలియదు గనక అతనికేమీ అర్థం కాలేదు. విన్నదంతా ఇంగ్లీషులో చెప్పాను. అతను లేచి, నడుము పట్టుకుని, పడమటి వైపు చూశాడు.

"నీకు ఈ బండి నడిపే లైసెన్సు ఉంది కదా," అన్నాడు. "కారుని నేను తీసుకుపోతాను. నువ్వెందుకు వెనక్కి రావడం?"

ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేసి డార్విన్ వెళ్తున్నానని చెప్పాను. మా ఆవిడ అంతా విని, రెండు జతల బట్టలే తీసుకెళ్ళావుగా అంది. అది అనుమతి కిందే లెక్క.

కారు లేకుండా, రెండువేల నాలుగువందల కిలోమీటర్లు, తొమ్మిది రోజులు నడిపాను. డాక్టరుగారు నా పక్కన కూర్చునేవారు. ఆయనకి ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కనపడుతుంది, పక్కలు కనపడవు. పక్కన ఏముందయ్యా అని అడిగేవారు. ఎండిన గడ్డి, చెదపుట్టలు, ఒక గద్ద, మళ్ళీ గడ్డి అని నేను చెప్పుకుంటూ పోయేవాణ్ణి. చెదపుట్టలు ఎర్రగా ఉన్నాయా, బూడిద రంగా అని అడిగేవారు. నేను ఎప్పుడూ అంత పట్టించుకుని ఏ రోడ్డూ చూడలేదు. ఇరవై రెండేళ్ళు ఊరంతటినీ ప్రయాణానికి సాగనంపినవాణ్ణే గాని, ఆ దారిన నేను వెళ్ళింది ఆ ఒక్కసారే.

డార్విన్ దగ్గరయ్యేకొద్దీ అక్కయ్యగారు బండి తొందరగా ఆపించేది. కాథరిన్ అనే ఊరు దాటాక ఒకరోజు తొంభై కిలోమీటర్లు వెళ్ళామేమో, ఇవాళ్టికి చాలు తమ్ముడూ అంది. బండి పక్కకి తీసి ఆపాను. ఆమె నడక అంతే.

ఆ తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. మా ఓనరు నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. తర్వాత ఏమీ జరగనట్టు మాట్లాడాడు. ఫోర్‌మన్, నేను శనివారాలు కూర్చుని ఆ కారుకి కొత్త గేర్‌బాక్సు వేసి, ఈసారి ట్రక్కు మీద ఎక్కించి డార్విన్‌కి పంపాం. ఎందుకంటే వాళ్ళు తిరిగి రాలేదు. ఎండల సీజను అయ్యేదాకా ఉంటామన్నవాళ్ళు, వానలొచ్చాక కూడా ఉండిపోయారు. పిల్లలకి ఫోను చేసి, వాళ్ళకొక అక్క ఉండేదని చెప్పారట. డాక్టరుగారికి ఇప్పుడు వెలుతురూ చీకటీ మాత్రమే తెలుస్తాయి. ఫోర్‌మన్ పోయినప్పుడు అక్కయ్యగారు నాకు ఫోను చేసి ఏడ్చింది. ఆమె అతన్ని చూసింది ఒక్క సాయంత్రమే.

నీ తప్పు వల్లే ఆయన స్టీరింగ్ వదిలారు, లేకపోతే ఏమయ్యేదో అని కొందరు నన్ను ఓదార్చారు. ఆ ఓదార్పు నేను తీసుకోలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలూ, మీరూ తీసుకోకండి. చేసిన తప్పు మంచికి దారితీసినంత మాత్రాన అది మంచి పని అయిపోదు. ఆ లారీ డ్రైవరు ఓపికగలవాడు, అంతే.

ఇక ఆ రోజు. డార్విన్ శ్మశానం ఆఫీసులో ఒకామె పాత రిజిస్టరు తీసి, పసిబిడ్డల వరస చూపించి, నంబరు కాగితం మీద రాసిచ్చింది. ఎండ తీక్ష్ణంగా ఉంది. అక్కయ్యగారు బండిలోంచి దిగలేదు. డాక్టరుగారి చెయ్యి పట్టుకుని నేను గడ్డిలో నడిచాను. అరచెయ్యంత లోహపు పలకలు నేలకి అతుక్కుని ఉన్నాయి. మా నంబరు పలక మీద మట్టి పేరుకుంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, జేబురుమాలుతో తుడిచి, ముఖం బాగా దగ్గరగా పెట్టి చూశారు. వేలితో అక్షరాలు తడిమారు. ఎండకి పలక మెరుస్తోంది, ఆయనకి కనపడటం లేదు.

చాలాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. అక్కయ్యగారు చెప్పులు చేత పట్టుకుని వచ్చి, ఆయన పక్కన కూలబడింది. ఆమె పలక వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"నువ్వు చదువు తమ్ముడూ," అంది. "నేను చదవలేను. ఆయనకి కనపడదు."

వంగి చదివాను. మూడక్షరాల పేరు. పదకొండు రోజుల్లోనే వాళ్ళు బిడ్డకి పేరు కూడా పెట్టుకున్నారు. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత ఆ పేరుని పైకి అన్నది నా నోరే. డాక్టరుగారు కళ్ళు మూసుకున్నారు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకోసారి," అంది.

మళ్ళీ చదివాను. ఎన్నిసార్లు అడిగిందో, ఎన్నిసార్లు చదివానో గుర్తులేదు. చివరికొకసారి నేను నోరు తెరిచేలోపే వాళ్ళిద్దరూ కలిసి ఆ పేరు పిలిచారు. నేను లేచి, వాళ్ళ ముగ్గురినీ అక్కడ వదిలి, గేటు దాకా నడిచి వచ్చాను.